టోపోషీట్లలో మంజీర లోయ

బోధన్ చుట్టుపక్కల చెరకు ఎందుకు పండింది అని ఎవరిని అడిగినా, మంజీర పక్కనే ఉంది కదా అంటారు. జవాబు సబబుగానే వినిపిస్తుంది. కాని మంజీర నిన్న మొన్న పుట్టిన నది కాదు. బోధన్ కూడా నిన్న మొన్న వెలిసిన ఊరు కాదు. బౌద్ధ గ్రంథాలు చెప్పే అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదనం ఇదేనని చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు. అంత పాత ఊరు, దాని పక్కన అంతకన్నా పాత నది ఉండి కూడా ఈ నేల చెరకు సీమగా మారింది 1930ల తర్వాతే. యంత్రాలు అప్పుడు వచ్చాయి కాబట్టి అనుకోవచ్చు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మంజీర పల్లంలో పారుతుంది, పొలం మెరక మీద ఉంటుంది. పొలానికి ఎక్కని నీళ్ళు ఎంత పక్కన ఉన్నా రైతుకు లేనట్టే. నీళ్ళు ఏ ఎత్తున నిలిచాయి అన్నదే ఈ లోయలో పొలాలనూ ఊళ్ళనూ నడిపించింది. నది ఎంత దగ్గర అన్నది రెండో మాట. వందేళ్ళకు పైగా ఈ ప్రాంతాన్ని కొలిచి గీసిన స్థలాకృతి పటాలను, మామూలుగా టోపోషీట్లు అనే వాటిని, కాలం వరుసలో పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది అదే. అవి అటక మీద దాచే పాత కాగితాలు కావనీ, చెరువులో నీళ్ళు నిలిచే శిఖం భూముల తగాదాల నుంచి కాలువ చివరి భూముల దాకా ఇవాళ్టి మాటలు తేల్చడానికి పనికొచ్చే సాక్ష్యమనీ నా వాదన.

రేడియోలో పటం చూపించలేం కాబట్టి దాన్ని మాటల్లో పరుస్తాను. సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసే టోపోషీటులో పటం భాగం దాదాపు చదరంగా ఉంటుంది. ఒక్కో పక్క 55 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంటే రెండున్నర జానలు. దాని మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. మెట్రిక్ కొలతలు రాకముందు అంగుళానికి ఒక మైలు లెక్క ఉండేది. నీలం నీటికి, పసుపు సాగు భూమికి, ఆకుపచ్చ అడవికి, ఎరుపు ఇళ్ళకూ రోడ్లకూ, గోధుమ రంగు కాంటూరు రేఖలకు. సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ పోయే గీత కాంటూరు. పాత అంగుళం పటాల్లో 50 అడుగులకొక గీత, ఇప్పటి షీట్లలో 20 మీటర్లకొకటి. గీతలు ఒత్తుగా ఉంటే వాలు, ఎడంగా ఉంటే చదును. చెరువు కట్ట పక్కన సన్నటి అంకె ఒకటి, దాని వెంట ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తాయి. చుట్టూ ఉన్న నేల కంటే కట్ట అన్ని మీటర్లు ఎత్తు అని దాని అర్థం. పాడుబడ్డ ఊరికి వేరే గుర్తు ఉంది. నిజామాబాద్ పట్టణం 56జె/2 షీటులో వస్తుంది, బోధన్ 56ఎఫ్/14లో. రెంటికీ నడుమ నేరుగా కొలిస్తే 21 కిలోమీటర్లే. కాని 78 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆ నడుమ నుంచే పోతుంది, అందుకే షీట్లు వేరయ్యాయి. 2005 జాతీయ పటాల విధానం తర్వాత వచ్చిన కొత్త వరుసలోనూ అదే తంతు: బోధన్ ఇ43లో, నిజామాబాద్ ఇ44లో. కాలువ ఒకటే, చెరకు ఒకటే, పటం మాత్రం ఎప్పుడూ రెండు ముక్కలు. అంచులు కలిపి చూడనివాళ్ళకు ఈ ప్రాంతం సగమే కనిపిస్తుంది.

ఈ షీట్ల వెనక ఉన్న కొలత పాతది, అది సాగిన దారి కూడా మనకు దూరం కాదు. దక్షిణాది నుంచి ఉత్తరానికి రేఖాంశం వెంట భూమిని కొలుస్తూ వచ్చిన మహా త్రికోణమితి సర్వేలో విలియం లాంబ్టన్ 1815లో బీదర్ ప్రాంతపు దామర్‌గిద్ద దగ్గర ఒక ఆధార రేఖను కొలిచాడు. ఆ చోటు 18 డిగ్రీల 3 నిమిషాల అక్షాంశం మీద, అంటే బోధన్ ఉన్న 56ఎఫ్ గడిలోనే దక్షిణపు అంచున ఉంది. అక్కడి నుంచి కొండ మీంచి కొండకు కోణాలు తీసుకుంటూ, అర టన్ను బరువున్న థియోడొలైటును మనుషుల భుజాల మీద మోయిస్తూ సర్వే మంజీరనూ గోదావరినీ దాటి పైకి పోయింది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో పోయాడు. అతని దగ్గర చేరిన జార్జ్ ఎవరెస్టుకు నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో జ్వరం తగిలి, కోలుకోవడానికి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు పోవాల్సి వచ్చింది. ఆయన పేరు హిమాలయ శిఖరానికి పెట్టారు. పరికరాలు మోసినవాళ్ళ పేర్లు ఏ మిట్టకూ లేవు. త్రికోణాలు కొన్ని బిందువులను స్థిరపరుస్తాయి అంతే, వాటి నడుమ నింపడం వేరే పని. 1827 నుంచి వెలువడిన అట్లాస్ ఆఫ్ ఇండియా షీట్లు అంగుళానికి నాలుగు మైళ్ళ లెక్కన వచ్చాయి. వాటిలో కొండల వాలును సన్నటి గీతలతో నీడలాగా చూపారు. ఎత్తు ఉందని తెలుస్తుంది, ఎంతో తెలియదు. 1905 నాటి సర్వే కమిటీ సిఫారసుల తర్వాత రంగుల్లో, కాంటూర్లతో అంగుళం పటాలు వరుసగా రావడం మొదలైంది. నా వాదనకు కావలసిన మార్పు ఇదే. ఎత్తు అంకె అయ్యేదాకా నీటిని గురించి చేసే వాదన అంతా నోటి మాటే.

ముందుగా నిజాంసాగర్ లేని రోజుల లోయ. మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా వచ్చి, ఉత్తరానికి తిరిగి, 724 కిలోమీటర్లు పారి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటం మీద దాని రూపం వెడల్పాటి ఇసుక చుక్కల పట్టీ, అందులో సన్నటి నీలం గీత. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక, వానాకాలంలో వరద. ఇలాంటి నదికి ఆనుకుని ఇళ్ళు కట్టుకోవచ్చు గాని దాన్ని నమ్ముకుని వరి వేయలేం. అందుకే సాగు నీటి గుర్తులు నది వెంట కనిపించవు. పక్క నుంచి వచ్చి కలిసే చిన్న వాగుల పై భాగాల్లో కనిపిస్తాయి. అవి చెరువులు. కాంటూరు గీతను వేలితో పట్టుకుని పోతే వాగు దగ్గర అది ఎగువకు మడత పడి మళ్ళీ దిగువకు వస్తుంది. ఆ మడత రెండు వైపులనూ కలుపుతూ అడ్డంగా కట్ట, కట్టకు ఎగువన నీలం, దిగువన పసుపు. ఒక చెరువు మత్తడి దూకిన నీళ్ళు మరో 50 అడుగుల గీత దిగేలోపు ఇంకో చెరువులో పడతాయి. బోధన్‌కు బెల్లాల్ చెరువు, ఇందూరుకు ఖిల్లా కింద రఘునాథ చెరువు. అంటే ఇవి మంజీర ఊళ్ళు అనిపించుకున్నా నిజానికి చెరువు ఊళ్ళు. ఇందూరు 1905లో నిజామాబాద్ అయింది. అంతకు కొద్ది ఏళ్ళ ముందే గోదావరి వ్యాలీ రైలు మార్గం హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా పడి, బాసర దగ్గర గోదావరి దాటింది. ఇందూరును పెద్ద పట్టణం చేసింది ఆ రైలే. అది కూడా నది ఒడ్డు వెంట రాలేదు.

1923లో అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల నడుమ మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలై 1931లో ముగిసింది. దాన్ని నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్; ఆయన పుట్టిన రోజైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది. ఇక్కడ మూడు అంకెలు గుర్తుంచుకోవాలి. నిజాంసాగర్ ఇప్పటి నిండు మట్టం 1405 అడుగులు. నిజామాబాద్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 1300 అడుగుల ఎత్తున ఉంది. కందకుర్తి దాటాక గోదావరి నీళ్ళు శ్రీరాంసాగర్‌లో నిండుగా నిలిచే మట్టం 1091 అడుగులు. పట్టణం కంటే వంద అడుగులు పైన ఒక నీళ్ళు, రెండు వందల అడుగులు కింద ఇంకో నీళ్ళు. ఆనకట్ట దాటిన నది తన దారిన పల్లంలోకి దిగిపోతుంది. కాలువ అలా దిగదు. కాంటూరును అంటిపెట్టుకుని, మైలుకు కాస్త కాస్త మాత్రమే వాలుతూ, మంజీరకు తూర్పున బాన్సువాడ మీదుగా బోధన్, నిజామాబాద్ పొలాల్లోకి వస్తుంది. ముందుకు పోయిన కొద్దీ నదికీ కాలువకూ ఎత్తులో తేడా పెరుగుతుంది. ఆ రెంటి నడుమ చిక్కిన నేలే ఆయకట్టు. 2,75,000 ఎకరాలు అని పుస్తకాల్లో రాసే అంకెకు ఆకారం ఏమిటో షీటు మీదే తెలుస్తుంది. నీలం గీతలను ఇంకా దగ్గరగా చూడండి. వాగులు, అంటే ప్రకృతి గీసినవి, పల్లాలు పట్టుకుని ఒకదాంట్లో ఒకటి కలుస్తూ పోతాయి. డి అనే అక్షరం, పక్కన నంబరు ఉన్న డిస్ట్రిబ్యూటరీలు మిట్టల వెన్ను మీదుగా, ఒకదాన్నుంచి ఒకటి విడిపోతూ పోతాయి, రెండు పక్కలకూ నీళ్ళు జారాలి కాబట్టి. ఒకే కాగితం మీద ఒకదానికొకటి ఎదురు నడిచే రెండు నీటి వరుసలు. రెండు పట్టణాల మధ్య, కాలువ నీటికి మజిలీగా, అలీసాగర్ జలాశయం.

చెరకు దాదాపు ఏడాది పాటు నేల మీద నిలిచే పంట. ఎండాకాలానికి అడుగంటే చెరువు దాన్ని మోయలేదు. ఆనకట్ట ముగిసిన ఆరేళ్ళకు, 1937లో, బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో దాని పేరు చెప్పేవారు. వేల ఎకరాల సొంత ఫారాలు, కాలనీలు, జానకంపేట దగ్గర పెద్ద లైను నుంచి చీలి బోధన్‌కు వచ్చే రైలు శాఖ, అన్నీ ఆ కొత్త ఎత్తు నీళ్ళ చుట్టూ అల్లుకున్నవే. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతాల్లో భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. ఇవాళ్టికీ ఊరి పేరు చివర క్యాంపు అన్న మాట వాళ్ళ ఊళ్ళకు మిగిలింది. వాళ్ళు పాత పల్లెల్లా చెరువు కట్ట కింద ఇళ్ళు కట్టలేదు, పిల్ల కాలువ పక్కన కట్టారు. ఇక్కడ ఒకరు అడ్డు తగలవచ్చు: ఇదంతా సర్కారు డబ్బు, రైతుల చెమట, ఎత్తుకు ఇంత ఘనత కట్టబెట్టడమేమిటి అని. డబ్బునూ చెమటనూ నేను తక్కువ చేయడం లేదు. కాని ఆ డబ్బూ ఆ సర్కారూ కాలువకు ఎగువ పక్క ఉన్న పొలానికి కూడా అవే కదా. అదే మట్టి, అదే వాన, కొన్ని చోట్ల అదే ఊరు. కాలువకు కింది చేను తరి అయింది, పై చేను చెరువు నీళ్ళ మీదో బావి మీదో ఆధారపడి మెట్టగా మిగిలింది. రెంటికీ తేడా కొద్ది అడుగుల ఎత్తు ఒక్కటే. కారణాలు పది ఉన్నప్పుడు ఏది గట్టిదో తేల్చడానికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు.

పటం చెప్పే కథలో లాభపడ్డవాళ్ళే కాదు, ముంపుకు పోయినవాళ్ళూ ఉన్నారు. నిజాంసాగర్ కోసం సుమారు 40 ఊళ్ళను ఖాళీ చేయించారు. 1963 జూలై 26న నెహ్రూ పునాది వేసిన పోచంపాడు, తర్వాత శ్రీరాంసాగర్ అయిన ప్రాజెక్టు, గోదావరి లోయలో ఇంకా ఎన్నో ఊళ్ళను ముంచింది. ఆ ముంపు ఎంతవరకు అన్నది ఆనకట్ట రాకముందు అచ్చయిన అంగుళం పటం మీదే దాదాపుగా చదువుకోవచ్చు. 1050, 1100 అడుగుల గీతలు రెండు పక్కపక్కన పోతాయి. నిండు మట్టం 1091 కాబట్టి 1100 గీతకు కొంచెం లోపలే నీటి అంచు. ఆ గీత లోపల ఎర్రటి చుక్కలుగా ఉన్న ఊళ్ళ పేర్లు తర్వాతి షీట్లలో నీలం కింద ఉండవు. కొన్ని అంచున కొత్త చోట మళ్ళీ కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. పటానికి ఉన్న గుడ్డితనం కూడా ఇక్కడే చెప్పాలి. నీలం మచ్చ విస్తీర్ణం చెబుతుంది, లోతు చెప్పదు. నిజాంసాగర్ మొదట్లో 29.7 టీఎంసీలు పట్టేది. పూడిక పడి సగానికన్నా తగ్గితే 1970లలో నిండు మట్టం పెంచారు, అయినా 17.8 టీఎంసీలకే వచ్చింది. షీటు మీద నీలం మాత్రం తరిగినట్టు కనిపించదు. అయితే ఆ నీలం కింద అసలు నేల ఎలా ఉండేదో తెలిసేది ఆనకట్టకు ముందు కొలిచినవాళ్ళకే. కొత్త షీటులో కాంటూర్లు జలాశయం అంచున ఆగిపోతాయి, పాత షీటులో లోపలికి పోతాయి. 50 అడుగుల గీతలతో పూడిక లెక్క కట్టలేం, దానికి ఇంజనీర్ల సొంత ప్లానులు కావాలి. మునిగిన లోయ రూపురేఖలు మాత్రం సామాన్యుడికి దొరికేది ఆ పాత షీటులోనే.

ఈ పటాలను పాలకులు పన్నులకూ పటాలాల నడకకూ గీయించుకున్నారు కదా, వాటిని ఎందుకు నమ్మాలి అనేవాళ్ళున్నారు. ప్రశ్న న్యాయమైనదే. షీటులో దొర గడీకీ కూలీ గుడిసెకూ ఒకే ఎరుపు. ఎవరి భూమి, ఎవరి కౌలు, ఎవరు నీళ్ళ వంతు కోసం రాత్రుళ్ళు కాపలా కాశారు అన్నదానికి అందులో జాగా లేదు. కాని గీసినవాడి ఉద్దేశం వేరు, గీతలో దొరికేది వేరు. చాలా షీట్లలో ఊరి ముద్దకు కాస్త ఎడంగా, మధ్య ఖాళీ వదిలి, పేరు లేని చిన్న ఎర్ర గుంపు ఒకటి ఉంటుంది. సర్వేయరు దాని మీద వ్యాఖ్య ఏమీ రాయలేదు, ఉన్నది ఉన్నట్టు గీశాడు అంతే. వాడ ఊరికి ఎంత దూరంగా, చెరువు కట్టకు ఏ వైపున ఉంచబడిందో ఆ ఖాళీ చెబుతుంది. సైన్యానికి కావలసింది రోడ్డు, రేవు, బావి. వాటి గురించి అబద్ధం చెప్పే పటం సైన్యానికే పనికిరాదు. అందుకే వాళ్ళ అవసరం కొన్ని విషయాల్లో మనకు జామీను. మిగతా విషయాలకు పటాన్ని అడగకూడదు, మనుషుల్ని అడగాలి.

ఉపగ్రహాలు రోజూ ఫోటోలు తీస్తుంటే పాత కాగితం ఎందుకు అనేది ఇంకో మాట. ఇది నాకు బలమైన అభ్యంతరంగా అనిపించదు. మొదటి లాండ్‌శాట్ ఎగిరింది 1972లో. మన ఐఆర్ఎస్-1ఎ 1988లో. అమెరికా నిఘా ఉపగ్రహాలు తీసి, తర్వాత బయటపెట్టిన కరోనా ఫోటోలను కలుపుకున్నా 1960కి ఇవతలే ఆగిపోతాం. అప్పటికి నిజాంసాగర్‌కు దాదాపు ముప్పై ఏళ్ళు, చక్కెర ఫ్యాక్టరీకి ఇరవై పైన. లోయ మారకముందు ఎలా ఉందో చూసిన కన్ను టోపోషీటు ఒక్కటే. పైగా ఫోటోలో పేరుండదు. ఎండిన చెరువుకూ బీడు పడ్డ చేనుకూ పై నుంచి తేడా తెలియకపోవచ్చు. నేల మీద తిరిగినవాడు ఊళ్ళో అడిగి చెరువు పేరు రాసుకున్నాడు. సరిగ్గా వాడాలంటే రెండూ కావాలి.

అసలు గట్టి అభ్యంతరం రెవెన్యూ వాళ్ళది. భూమి హక్కు పహాణీలో, సేత్వార్‌లో, ఊరి నక్షాలో ఉంటుంది. టోపోషీటు హద్దు రాయి కాదు అంటారు. నిజమే. షీటు మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. పెన్సిలు మొన ఒక చేను మింగేస్తుంది. ఇద్దరు రైతుల గట్టు తగాదాకు దీన్ని తెస్తే నవ్వుతారు, నవ్వాలి కూడా. కాని చెరువు తగాదా ఆ బాపతు కాదు. అక్కడ అడిగేది హద్దు ఎక్కడ అని మాత్రమే కాదు, అసలు ఇక్కడ చెరువు ఉండేదా, కట్ట ఏ వైపు, మత్తడి ఎటు దూకేది, ఆ నీళ్ళు ఏ చెరువుకు పోయేవి అని. శిఖం భూమి నక్షాలో ఒక సర్వే నంబరు. దాని పై చెరువూ కింది చెరువూ వేరే ఊరి నక్షాల్లో ఉంటాయి. గొలుసు మొత్తం ఒకే కాగితం మీద కనిపించేది టోపోషీటులోనే. చెరువుల పూడిక తీసే పథకం మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్ చెరువు దగ్గరే. పూడిక తీసిన చోట కూడా, పై నుంచి వచ్చే వాగు మూసుకుపోయి ఉంటే చెరువు నిండదు. ఆ వాగు ఉండేదని చూపించే అచ్చు కాగితం పంచాయతీ దగ్గర ఉంటే మాట వేరు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. షీటు కింద అంచున చిన్న అక్షరాల్లో సర్వే చేసిన ఏడు, అచ్చువేసిన ఏడు వేర్వేరుగా ఉంటాయి. కొత్త అచ్చులో రోడ్లు సవరించి చెరువులను పాత సర్వే నుంచే తీసుకున్న సందర్భాలు ఉంటాయి. సర్వే ఏడు చూడకుండా పటాన్ని సాక్ష్యానికి తెచ్చినవాడు కేసు ఓడిపోతాడు.

ఇక మిగిలింది, కొత్త కాలం మనుషులు వేసే ప్రశ్న. కరెంటు మోటారు ఉంది, బోరు ఉంది, లిఫ్టు ఉంది; ఎత్తును పట్టుకుని ఇంకా వేలాడటం ఎందుకు? నిజాంసాగర్‌కు ఎగువన 1980ల చివరికి దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం వచ్చింది, హైదరాబాద్ దాహం ముందు వరుసలోకి వచ్చింది. పూడిక సంగతి చెప్పాను. కాలువ చివర నీళ్ళు అందని పొలాలు పెరిగాయి, చెరకు వెనక్కి తగ్గింది. 2002లో ప్రైవేటు చేతికి పోయిన ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. మూతకు నీళ్ళొక్కటే కారణమని నేననను. యాజమాన్యం, ధర, సర్కారు నిర్ణయం, అన్నిటి పాత్రా ఉంది. నీళ్ళ లోటు తీర్చడానికి నవీపేట మండలం కోస్లీ దగ్గర గోదావరి నుంచి నీళ్ళెత్తి అలీసాగర్ ఆయకట్టుకు పంపే పథకం వచ్చింది. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మసాగర్ జలాశయం నుంచి గోదావరి నీళ్ళను హల్దీవాగులోకి వదిలి, మంజీర మీదుగా నిజాంసాగర్‌కు పంపారు. అంటే గోదావరి పల్లం నుంచి ఎక్కించిన నీళ్ళు మళ్ళీ గోదావరి వైపే దిగే నదిలో పడ్డాయి. దీన్ని చూసి ఎత్తు ఓడిపోయింది అనుకుంటే పొరపాటు. 1931 కాలువ నిజాంసాగర్ మట్టం నుంచి 1300కి దిగుతూ వచ్చింది కాబట్టి నీటికి ప్రయాణ ఖర్చు లేదు. కోస్లీలో నీళ్ళు 1091కి మించి ఉండవు, పొలం అంతకన్నా పైన ఉంది. ఆ తేడాలో ప్రతి అడుగూ కరెంటు మీటరు మీద తిరుగుతుంది. ఏ ఊరికి ఏ నీళ్ళు చవక, ఏవి ఖరీదు అన్నది ఎవరి ఇష్టాయిష్టాల మీదా లేదు. పాత కాలువకు కింద ఉన్న చేనుకు నిజాంసాగర్ నీళ్ళు ముందు ఇచ్చి, లిఫ్టు నీళ్ళను నది వైపు తక్కువ ఎత్తు భూములకు వాడితే ఖర్చెంత తగ్గుతుంది అన్న లెక్కను నీటిపారుదల అధికారులు వేయవచ్చు, రైతు సంఘాలూ వేయవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా 2017 నుంచి టోపోషీట్లను దేశ పౌరులకు ఉచితంగా దింపుకోనిస్తోంది. 56ఎఫ్/13 నుంచి 16 దాకా నాలుగు, 56జె/1, 56జె/2 రెండు, మొత్తం ఆరు షీట్లు తీసుకుంటే నిజాంసాగర్ కట్ట నుంచి బాసర దాకా, బోధన్ నుంచి నిజామాబాద్ దాకా ఆ లెక్కకు కావలసిన గీతలన్నీ చేతికొస్తాయి.